ఎద్దు ఎందుకు ఆగింది

రెండో పూట కూడా ఉపేందర్ పీట మీద కూర్చోలేదు.

పెంక మీద జొన్నరొట్టె పొంగింది. తినే మనిషి వసారాలో చెప్పులు వేసుకుంటున్నాడని తెలిసినట్టు మెల్లగా అణిగిపోయింది.

పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. ఆ చెప్పుల చప్పుడును బట్టే అతను సంతోషంగా ఉన్నాడో, తొందరలో ఉన్నాడో నర్మద చెప్పేసేది. అట్లా చెప్పగలగడం ఆమెకు పెద్ద గొప్ప. ఈ ఉదయపు చప్పుడు మాత్రం ఆమెకు కొత్తది.

"రాత్రి తినకపాయె. పొద్దుగాల తినకపాయె," అంది అత్త జానకీబాయి, ఉల్లిగడ్డలు తరుగుతూ, ఎవరితోనూ కాదన్నట్టు. "మొగోనికి కోపం వస్తది. కడుపు మీద కోపమెందుకు."

"ఆకలైతలేదే అవ్వా," అన్నాడు ఉపేందర్ వసారాలోంచి.

"ఆకలి ఎందుకైతది. నిన్న డిప్యూటీ సారు నవ్విండు సూడు, గా నవ్వు అరుగుతలేదు నీకు."

"నవ్వింది సారు. నవ్విపిచ్చింది ఎవరు?"

పొయ్యి ముందు నర్మద తల ఎత్తలేదు. రెండో రొట్టె తట్టింది. చేతి గాజులు గలగలమన్నాయి. అంతకుముందు ఆ చప్పుడంటే అతనికి ఇష్టం. ఇప్పుడు తన గాజులు తనకే పెద్దగా వినిపించాయి.

మంగళవారం మధ్యాహ్నం జరిగింది అప్పటికే చెన్నూరులో సగం ఊరికి తెలుసు.

నర్మద మూడో తరగతి టీచరు. ఉపేందర్ బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో పనిచేస్తాడు. పిల్లలకు చదవడం నేర్పడానికి టీచరు క్లాసులో అనవలసిన ప్రతి మాటా వరసగా రాసి ఒక పుస్తకం తయారుచేశాడు. "పిల్లలూ, ఇక్కడ వేలు పెట్టండి" దగ్గర్నుంచి "శభాష్, ఇప్పుడు పేజీ తిప్పండి" దాకా అన్నీ అందులో ఉంటాయి. అడగవలసిన ప్రశ్నలుంటాయి. పిల్లలు చెప్పవలసిన జవాబులుంటాయి. పసుపుపచ్చ అట్ట వేసి కుట్టించాడు కాబట్టి టీచర్లందరూ దాన్ని పచ్చట్ట పుస్తకం అనేవాళ్ళు. శుక్రవారం జిల్లా పెద్దసార్లు వచ్చి నర్మద క్లాసు చూస్తారు. మెచ్చుకున్నారంటే ఆ పుస్తకం ఆదిలాబాద్ జిల్లా బడులన్నింటికీ పోతుంది.

మంగళవారం నాడు డిప్యూటీ సారు రామకిషన్‌రావు ముందుగా ఒకసారి చూసిపోదామని వచ్చాడు. పాఠం ముసలి ఎద్దుది. ఎండిన వాగు దాటబోతూ ఆ ఎద్దు ఒడ్డున ఆగిపోతుంది. బండివాడు ఎంత కొట్టినా కదలదు. కాసేపటికి ఎగువ నుంచి వరద హోరుమంటూ వచ్చి పడుతుంది.

"ఎద్దు ఎక్కడ ఆగింది?" అని నర్మద పుస్తకంలో ఉన్నట్టే అడిగింది.

"ఎద్దు వాగు దగ్గర ఆగింది," అని క్లాసంతా ఒకే గొంతుతో చెప్పింది.

డిప్యూటీ సారు తల ఊపాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఉపేందర్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నర్మదకు ఒళ్ళు తెలియలేదు. ఇంకాస్త వెలిగిద్దామనుకుంది. అంతకుముందు రోజు సాయంత్రం ఇదే కథను పుస్తకం పక్కన పెట్టి పిల్లలతో ఆడించింది. ఒకడు ఎద్దయ్యాడు, ఒకతె వరదయింది. ఎందుకు ఆగిందో వాళ్ళే పోటీపడి చెప్పారు. ఆ ధైర్యంతో పుస్తకంలో లేని ప్రశ్న అడిగేసింది.

"ఎద్దు ఎందుకు ఆగింది?"

"ఎద్దు వాగు దగ్గర ఆగింది," అన్నారు పిల్లలు.

"అది సరే. ఎందుకు ఆగింది?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతె మొదలుపెట్టింది, మిగతా క్లాసు అందుకుంది.

"శభాష్. ఇప్పుడు పేజీ తిప్పండి."

డిప్యూటీ సారు కుర్చీ కిర్రుమనేట్టు నవ్వాడు.

"నేను కావాలని అడగలే," అంది నర్మద ఇప్పుడు, పెంక వైపే చూస్తూ. అప్పటికి ఆ మాట చాలాసార్లు అంది. అన్నకొద్దీ అది అబద్ధంలా వినిపించడం మొదలైంది.

"అడగాలని లేకపోతే నోట్లకెళ్ళి ఎట్లొచ్చింది?"

"పిల్లలు చెప్తరనుకున్న. చెప్తే మీకే పేరొస్తదనుకున్న."

ఉపేందర్ గోడకు ఆనించిన సైకిల్ తీశాడు.

"ఆగురా. జర కూసో," అని పడక కుర్చీలోంచి పిలిచాడు మామ లక్ష్మీకాంతరావు. ఇంట్లో ఎవరి మొహం మాడినా ఆయనకు ఊపిరాడదు. ఏదో ఒకటి చెప్పి నవ్వించాలి. "గీ పరేషాన్ నీ ఒక్కనిదే అనుకుంటున్నవా. నా సంగతి విను. మా కాలంల ఉర్దూ చదువాయె. ఇంట్ల ఎవలకు రాదు, నాకు రాదు. బళ్ళె మౌల్విసాబు అన్నది మేమనాలె. అంతే."

కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా ఊగుతూ అందుకున్నాడు. "సుబహ్ హుయీ, చిడియా బోలీ. ఉఠో బచ్చో, ఆంఖేఁ ఖోలో."

"పిట్ట కూసింది, పిల్లలు లేవుండ్రి. తెల్లారగట్ల గిదే పాట," అంది జానకీబాయి. "గిప్పటికి గూడ నిద్రల అంటడు."

"ఒకనాడు తనిఖీకి సాబు వచ్చిండు. ఎర్రటోపీ, సురుమా పెట్టుకున్న కండ్లు. నన్ను లేపి, తుమ్హారా నామ్ క్యా హై, నీ పేరేంది అన్నడు. నాకేం ఎరుక. పాఠంల తర్వాత ముక్క అడుగుతున్నడనుకున్న. చాతీ ఇరిచి గట్టిగ చెప్పిన. చిడియా బోలీ అని." ఆయన తొడ మీద చరుచుకున్నాడు. "గప్పటి సంది బళ్ళె నా పేరు చిడియానే."

"గీ ముచ్చట పెండ్లి సూపులల్ల చెప్తే నేను చేసుకోకపోదును," అంది జానకీబాయి.

నర్మద నవ్వింది. ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ, ఎర్రటోపీ సాబు ముందు చాతీ విరుచుకున్న మామ కళ్ళ ముందు నిలబడ్డాడు. ఎంత ఆపుకున్నా భుజాలు కదిలిపోయాయి.

ఉపేందర్ ఆమెనే చూస్తున్నాడు.

"మంచిదే. అందరు నవ్వుండ్రి," అన్నాడు. సైకిల్ గడప దాటింది.

పెంక మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. జానకీబాయి కత్తిపీట పక్కకు జరిపి భర్త వైపు చూసింది.

"నిమ్మలం చేసినవ్ తియ్యి కొడుకును."

"నేను నవ్విపిద్దామనుకున్న."

"నవ్విపిచ్చినవ్. నవ్వవలసినోడు తప్ప అందరం నవ్వినం."

*

బడికి నడిచిపోతుంటే నర్మదకు పోయిన వానాకాలం గుర్తొచ్చింది. తర్వాత ఎన్నేళ్ళు గడిచినా, తడిసిన మట్టిగోడ వాసన ఎక్కడ తగిలినా ఆమెకు ఆ వానాకాలమే గుర్తొచ్చేది.

కరీంనగర్‌లో డిగ్రీ, ట్రైనింగు పూర్తిచేసి, పెళ్ళయి చెన్నూరు వచ్చిన కొత్త. కరెంటు రోజూ పోయేది. కందిలి ముందు ఉపేందర్ కాగితాలు పరుచుకుని పచ్చట్ట పుస్తకం రాసేవాడు. రాసింది ఎట్లా ఉందో చూడ్డానికి ఒక పిల్ల కావాలి కదా. ఆ పిల్ల నర్మద. మంచం మీద బాసింపట్టు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేది.

"పిల్లలూ, ఇక్కడ వేలు పెట్టండి," అని అతను గంభీరంగా చదివేవాడు.

నర్మద అతని ముక్కు మీద వేలు పెట్టేది.

"క్లాసుల గిట్ల చేస్తే బయట నిలబెడుత."

"గదైనా రాయుండ్రి మరి పుస్తకంల."

ఒకసారి అలిగింది. "నేను ఇన్ని జవాబులు చెప్పిన. ఒక్కసారన్న మెచ్చుకున్నరా?" అని. అతను అప్పటికప్పుడు కలం తీసి ప్రతి జవాబు కిందా "శభాష్" అని రాశాడు. ఆమె తృప్తిగా అందరు పిల్లల తరఫునా తల ఊపింది. వాన చూరు మీంచి ధారకట్టేది. అవతలి గదిలో మామ దగ్గేవాడు. ఇద్దరూ నోరు మూసుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆ శభాషే మంగళవారం నాడు పిల్లల నోట అట్లా వచ్చిపడింది.

బడిలో మగ్దలేనమ్మ ఎదురొచ్చింది. ఒకటో తరగతి, రెండో తరగతి రెండూ ఆమెవే. రెండింటికీ ఒకటే గది. నర్మద ఈ బడికి వచ్చిన మొదటి రోజు సుద్దముక్క ఎట్లా పట్టుకుంటే గాజుల మీద పొడి పడదో చూపించింది ఆమే.

"మొఖం వాడిపోయింది. ఇంట్ల ఇంక వాన పడుతుందా?" అంది మగ్దలేనమ్మ.

"ఉరుములే అక్కా. వాన పడితే గూడ బాగుండు." నర్మద చాప మీద కూలబడింది. "పిల్లలకు ఎరుకే గదా. సోమవారం నాడు వాళ్ళే చెప్పిండ్రు. మంగళవారానికి ఎటుపోయింది?"

"ఎటు పోలే. ముందటి వరస పిల్లను నేను అడిగిన. ఎందుకు చెప్పలేదే అని. అదేమన్నదో ఎరుకనా? టీచరమ్మ చేతుల పచ్చపుస్తకం ఉన్నప్పుడు గది చెప్పొద్దంట. పుస్తకంల ఉన్నదే చెప్పాలెనంట."

నర్మద తన చేతులు చూసుకుంది. సోమవారం నాడు తన చేతుల్లో పుస్తకం లేదు. పిల్లలకు ఆ తేడా తనకన్నా ముందే తెలిసింది.

"చూసినవా అక్కా. గా పుస్తకం వాళ్ళ నోరు కట్టేస్తుంది."

"నీ పిల్లల నోరు కట్టేస్తుందేమో. నా పిల్లల నోరు తెరిపిచ్చింది." మగ్దలేనమ్మ పక్కన కూర్చుంది. "రెండు క్లాసులు ఒక్క అర్రల. ఒకటోళ్ళను చూస్తే రెండోళ్ళు కొట్లాట. గా పుస్తకం వచ్చినంక ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళకు రాపిస్తున్న. ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె అన్న ఫికర్ లేదు. మీ ఆయన పుణ్యమే."

"పుణ్యమే. గని పిల్లలకు అర్థమైతదా?"

"మా గుడిల పాస్టరుగారు అన్నది మేమంటం. చిన్నప్పటి సంది నేను అన్న ఒక ప్రార్థన ఉన్నది. ఏమంటున్ననో నాకే ఎరుక లేదు. మా అమ్మ సచ్చిపోయిన నాడు సమాధి కాడ గా మాట నోట్లకెళ్ళి వచ్చింది. గప్పుడు అర్థమైంది. కొన్ని మాటలు ముందు నోటికి వస్తయి నర్మదా. అర్థం ఎనుక నడుచుకుంట వస్తది."

"అందరికి నడుచుకుంట వస్తదా అక్కా? నాలుగో తరగతిల లెక్క ఇస్తరు. ఏమడిగిండ్రో తెలియకపోతే, ఎనుక వచ్చేదాక ఆగుతదా లెక్క?"

మగ్దలేనమ్మ ఆలోచించింది. "ఆగదు," అని ఒప్పుకుంది. "అయినా శుక్రారం నాడు నువ్వు పుస్తకమే చదువు. మొగనితోని పంచాయితీ పెట్టుకుని పిల్లలకు ఏం చెప్తవ్? మూడో తరగతి నీ చేతుల ఉంటె శనివారం సంది మళ్ళ నీ ఇష్టం. క్లాసే పోతే?"

క్లాసే పోతే. ఆ మాట నర్మద అంతకుముందు అనుకోలేదు. కిటికీలోంచి తన పిల్లలు కనిపించారు. ఆకుపసరు పూసి నల్లబల్ల తుడుస్తున్నారు. మోచేతుల దాకా పచ్చగా ఉన్నారు. ఆ పని కోసం పొద్దున్నే కొట్లాడుకుంటారు. టీచరమ్మ వచ్చేలోగా బల్ల మెరవాలి.

ఈ పిల్లల్ని ఎవరికీ ఇవ్వలేననిపించింది. అట్లాగే ఆ చెప్పుల పాత చప్పుడు కూడా తనకు కావాలి.

*

సాయంత్రం సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు వేసి కలిపి, గిన్నె లోపల అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనెచుక్క వేసింది. కరకరలాడే అంచు అతనికి ఇష్టం. అంచులన్నీ ఒక డబ్బాలో సర్దింది.

"కొడుకుకు అంచులు, మాకు నడిమిట్లయి," అన్నాడు లక్ష్మీకాంతరావు.

"పండ్లు లేనోళ్ళకు నడిమిట్లయే మంచిగుంటయి," అంది జానకీబాయి. "పో బిడ్డా. పొద్దుగూకకముందే పో."

గోదావరికి పోయే తోవలో, ఊరు దాటాక ఒక కల్వర్టు ఉంది. ఆఫీసు విడిచాక ఉపేందర్ అక్కడే కూర్చుంటాడు. నర్మద వెళ్ళేసరికి సైకిల్ గట్టుకు ఆనించి, పత్తిచేల వైపు చూస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుని డబ్బా మూత తీసింది.

కాసేపటికి అతని చేయి డబ్బాలోకి వెళ్ళింది. కరకరమని చప్పుడైంది. నర్మదకు ఆ చప్పుడుతో ప్రాణం లేచివచ్చింది.

"శుక్రారం మీ పుస్తకమే చదువుత," అంది. "ఒక్క మాట ఎక్కువ గాదు, తక్కువ గాదు."

నమలడం ఆగింది.

"మీరు తలుపు కాడ నిలబడొద్దు. మీ మొఖం చూస్తే మళ్ళ ఏదన్న అడుగుత."

అతని పెదవుల చివర నవ్వు వచ్చి, రానట్టు పోయింది. "పిల్లలకు అర్థమైతలేదంటివి గదా."

"అంటి. ఇప్పుడు గూడ అంట. శనివారం సంది చెప్పుకుంట. శుక్రారం మాత్రం మీది."

"నర్మదా."

"ఏంది?"

అతను డబ్బాలోకి చూశాడు. ఆమె చేతి మీద గోధుమరంగు నూనెమరక ఉంటే బొటనవేలితో తుడిచాడు. మళ్ళీ పత్తిచేల వైపు తిరిగాడు.

"ఏం లేదు," అన్నాడు.

ఆ ఏం లేదులో చాలా ఉందని నర్మదకు తెలిసింది. అంతా క్షమించడమే అనుకుంది. కొత్తగా పెళ్ళయిన మనిషికి భర్త మౌనమంతా తన కోసమే అనిపిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుంది. ఊరు దగ్గర పడగానే దిగాలి, అది వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. ఆ రోజు దిగలేదు. బజారు దాకా గంట కొడుతూనే వచ్చింది. జిలేబీ బండి వాడు చూసి తల తిప్పుకున్నాడు. వాకిట్లో జానకీబాయి కూడా చూసింది, చూడనట్టు లోపలికి వెళ్ళి, "రెండు పళ్ళేలు పెట్టాల్నా?" అని అడిగింది.

*

గురువారం పొద్దున ఉపేందర్ పీట మీద కూర్చున్నాడు. రెండో రొట్టె కూడా పెట్టించుకున్నాడు. అందుకే వాకిట్లో సైకిల్ ఆగితే ఎవరూ పట్టించుకోలేదు.

వచ్చింది హనుమండ్లు, డిప్యూటీ సారు ఆఫీసులో జవాను. తలకు చుట్టిన తువ్వాల తీసి చంకన పెట్టుకున్నాడు.

"నర్మదమ్మకు సారు చెప్పి పంపిండు," అన్నాడు. "శుక్రారం మీకు సెలవంట. మూడో తరగతి మగ్దలేనమ్మ టీచరు చెప్తదంట. మీరు ఇగ సంది ఒకటో తరగతి, రెండో తరగతి చూసుకోవాల్నంట."

నర్మద చేతిలో నెయ్యి గిన్నె అట్లాగే ఉంది. "ఎందుకంట?"

"గది నాకేం ఎరుక అమ్మా." హనుమండ్లు కళ్ళు మాత్రం ఉపేందర్ వైపు పోయి వచ్చాయి.

ఉపేందర్ రొట్టె తుంచిన చేయి పళ్ళెంలో ఆగిపోయింది.

"మీకు ఎరుకనా?" అని అడిగింది నర్మద.

"నిన్న పొద్దుగాల," అన్నాడు అతను. "ఇంట్లకెళ్ళి కోపంల పోయిన. సారు పిలిచిండు. తప్పు పుస్తకానిదా, చెప్పేటామెదా అని అడిగిండు."

"మీరేం చెప్పిండ్రు?"

జానకీబాయి పొయ్యిలో కట్టె ముందుకు తోసి, మళ్ళీ వెనక్కి లాగింది.

"చెప్పేటామెదే అన్న. ఆమెకు చెప్పుడు రాదన్న."

నిన్న సాయంత్రం కల్వర్టు మీద అతను మింగిన మాట ఇదని నర్మదకు అప్పుడు అర్థమైంది. అంచులు తిన్నాడు. చేతి మీద నూనె తుడిచాడు. గంట కొట్టనిచ్చాడు. నెయ్యి గిన్నె నేల మీద పెట్టి లేచి, అటక మీంచి పచ్చట్ట పుస్తకం తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది.

"మగ్దలేనమ్మక్క ఎందుకు," అంది. "ఆమెకు రెండు క్లాసులు ఉండనే ఉన్నయి. శుక్రారం మీరే చెప్పుండ్రి. రాసినాయనే చదివితే ఒక్క మాట తప్పుపోదు."

"నర్మదా, నేను పోయి సారుతోని మళ్ళ మాట్లాడుత."

"మాట్లాడొద్దు. చదువుండ్రి. గీ పుస్తకాన్ని మీరు ఏ క్లాసుల చదివిండ్రు చెప్పుండ్రి? నా ముందట తప్ప?"

"మంచి మాటే," అన్నాడు లక్ష్మీకాంతరావు, పరిస్థితి తేలికవుతుందనుకుని. "వాడు ఆసిఫాబాద్‌ల పంతులుగ చేసినోడే గదా. మూడు నెలలకే ఆఫీసు పని దొరికిందని వచ్చిండు గని."

"దొరకలే బాపూ," అన్నాడు ఉపేందర్.

అందరూ అతని వైపు చూశారు. అతను పుస్తకం మీద చేయి వేశాడు, తెరవలేదు.

"ఆఫీసు పని దొరకలే. నేనే ఇడిచిపెట్టి వచ్చిన. ఆఫీసుల చేరింది తర్వాత." ఊపిరి పీల్చుకున్నాడు. "నిలబడితే నోరు లేవకపోయేది. పిల్లలు నా మొఖం దిక్కే చూస్తుండె. నేను నల్లబల్ల దిక్కు తిరిగి రాసేది, తుడిచేది. గంట కొట్టేదాక గదే పని. పిల్లలు మంచోళ్ళు. ఒక్కడు నవ్వలే. నవ్వినా బాగుండు."

జానకీబాయి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"ఎవలన్న ఒకళ్ళు చెవుల చెప్తే బాగుండు అనిపిచ్చేది," అన్నాడు ఉపేందర్. "ఇప్పుడు గీ మాట అను, తర్వాత గా మాట అను అని. గీ పుస్తకం పిల్లల కోసం రాయలే నర్మదా. నా అసోంటి పంతుళ్ళ కోసం రాసిన. నీకు చెప్పుడు రాదని నేనెట్ల అన్ననో నాకే ఎరుక లేదు. గా ప్రశ్న నీ నోట్లకెళ్ళి దానంతట అదే వచ్చింది. నాకు జన్మల రాదు."

నర్మద కోపం పోలేదు. కానీ కూర్చోవడానికి దానికి చోటు లేకుండా పోయింది. ముక్కు మీద వేలు పెట్టినప్పుడు గంభీరంగా ఉండడానికి అతను ఎంత కష్టపడేవాడో గుర్తొచ్చింది. ఆ కందిలి ముందు ఆమె ఆడుకుంటోంది. అతను మాత్రం నిజంగానే ఒక క్లాసు ముందు నిలబడడం నేర్చుకుంటున్నాడు.

"మరి సారుకు నేనేం చెప్పాలె?" అన్నాడు హనుమండ్లు మెల్లగా.

"మూడో తరగతి మాదే అని చెప్పు," అంది నర్మద. "శుక్రారం ఇద్దరం వస్తమని చెప్పు. ఈయన పుస్తకం చదువుతడు. చదివినంక పుస్తకం మూస్తడు, నేను అడుగుత. నోరు లేవకపోతే పక్కన నేనుంట."

ఉపేందర్ తల ఎత్తాడు. పచ్చట్ట మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి.

"నేను రాను. పిల్లల ముందట మళ్ళ నిలబడలేను," అన్నాడు.

ఎవరి మాట మోసుకుపోవాలో తెలియక హనుమండ్లు సైకిల్ స్టాండు తీశాడు, మళ్ళీ వేశాడు.